రెండో చుక్క

జూన్ 3, మంగళవారం
హాస్టల్ గది, కిటికీ పక్క బల్ల

వదినకు,

ఇవాళ ఎదురైన మొదటి ఆశ్చర్యం: రక్తం వెచ్చగా ఉంటుంది. తెలియని సంగతేం కాదు, పుస్తకంలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పొద్దున ల్యాబ్‌లో అడుగుపెట్టగానే మా సీనియర్ నా అరచేతిలో ఒక బుల్లి గొట్టం పెట్టింది. పెన్ను మూతంత కూడా లేదు. అడుగున నాలుగు చుక్కల నెత్తురు. పై అంతస్తులో, పుట్టి ఇంకా రోజు నిండని బిడ్డ మడమలోంచి తీసినది. అది వెచ్చగానే ఉంది. ఎవరో చిన్నవాళ్లు నా చెయ్యి పట్టుకున్నట్టు అనిపించి అలాగే నిలబడిపోయాను. "అది జోకొట్టడానికి ఇవ్వలేదు, మిషన్లో పెట్టు" అంది సీనియర్. ఆవిణ్ని ఇక్కడ అందరూ పెద్దక్క అంటారు. నేనూ అదే అలవాటు చేసుకుంటున్నాను.

మా ల్యాబ్ కింద ఉంది. బాలింతల వార్డూ, పసిపిల్లల వార్డూ పైన. మధ్యలో గోడలోపల ఒక చిన్న లిఫ్టు ఉంది వదినా, మనుషులకు కాదు, గొట్టాలకు. ఒక చెక్కపెట్టె, తాడు, కప్పీ. పైన నర్సు పెట్టెలో గొట్టం పెట్టి గంట మోగిస్తుంది. పెట్టె ఊగుతూ, గోడల్ని ముట్టుకుంటూ, తొందరేమీ లేనట్టు దిగుతుంది. బావిలోంచి చేద పైకి రావడం చాలాసార్లు చూశాను గానీ, ఆకాశంలోంచి చేద కిందికి దిగడం ఇదే చూడడం.

పసివాళ్లకు ఒంట్లో బాగోకపోతే చెప్పలేరు గదా. ఒక్కోసారి జ్వరం కూడా రాదట. పాలు కాస్త తక్కువ తాగుతారు, కాస్త ఎక్కువ నిద్రపోతారు, అంతే. అది ఇన్ఫెక్షన్ అని పైకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని బిడ్డను అడగకుండా బిడ్డ రక్తాన్ని అడుగుతారు. ఆ అడగడం నేర్చుకోవడానికి వచ్చాను నేను. ఎంత పెద్ద మాట రాశానో చూశావా.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గదా అనకు. "నీ మాటలు వినే ఓపిక నాకు లేదు, రాసి పంపు, ఓపికున్నంత చదువుకుంటాను" అన్నది నువ్వే. అనుభవించు.

అన్నయ్య టవర్ల పని మీద మళ్లీ కొండలెక్కాడా? నువ్వు ఈ నెలల్లో కూడా బైండింగ్ షాపుకు వెళ్తూనే ఉన్నావా? కడుపులో ఉన్న పెద్దమనిషిని అడిగానని చెప్పు.

నీ మరదలు


జూన్ 9, సోమవారం
బైండింగ్ షాపు, కుట్టుబల్ల

వసపిట్టకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వుకుంటూ, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఆకాశంలోంచి దిగే చేద బాగుంది, ఉంచుకో. "ఎంత పెద్ద మాట రాశానో" అన్నది కొట్టేశాను. మాట పెద్దదైతే చదివేవాళ్లకే తెలుస్తుంది. నేను పుస్తకాలు కుట్టేదాన్ని గానీ రాసేదాన్ని కాదు. అయినా ఇన్నేళ్లుగా అచ్చయిన పుస్తకాల ఫారాలు మడతపెడుతూ వాటిలో చదివిన వాక్యాల మీద నాకు ఆమాత్రం హక్కు ఉందనుకుంటాను.

మీ అన్న కొండల మీదే ఉన్నాడు. ఊరందరికీ సిగ్నలు ఇచ్చే టవరు ఎక్కి కూర్చున్న మనిషి ఫోనుకు మాత్రం సిగ్నలు ఉండదు. కాన్పు నాటికి దిగుతానని మాటిచ్చాడు. దిగకపోతే టవరు కిందికే వచ్చి కంటానని చెప్పాను.

షాపుకు వెళ్తున్నాను. బడులు తెరిచే రోజులు, పాఠ్యపుస్తకాల కట్టలు నా తల ఎత్తున ఉన్నాయి. పొట్ట బల్లకు అడ్డం వస్తోందని పక్కకు తిరిగి కూర్చుని కుడుతున్నాను. దారం బిగించినప్పుడల్లా లోపలినుంచి ఒక తాపు. ఇక్కడ బిగించే హక్కు నీ ఒక్కదానిదే కాదు అన్నట్టు. ఓనరు గారు ఇంక ఇంట్లో కూర్చోమ్మా అంటారు. కూర్చున్న రోజున నా బల్ల మీది గుట్ట చూసి ఆయనే నిట్టూరుస్తారు. నా గురించి బెంగ పెట్టుకోకు. గుండ్రాయిలా ఉన్నాను.

నాకొకటి చెప్పు. రక్తాన్ని అడుగుతారు అన్నావు, బాగుంది. అడిగితే అది ఎలా చెబుతుంది? కవిత్వం తగ్గించి రాయి.

మీ వదిన


జూన్ 19, గురువారం
హాస్టల్, మేడమెట్లు

వదినా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. అడక్కపోయినా ఇవాళ ఇదే రాసేదాన్ని.

బిడ్డ ఒంట్లోకి క్రిమి చొరబడితే కాలేయానికి కబురందుతుంది. అది ఒక ప్రోటీను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. దాన్ని సీఆర్‌పీ అంటారు. మా మిషను కొలిచేది దాన్నే. అంకె పెరిగితే లోపల ఏదో జరుగుతోందని అనుమానించాలి. కానీ అది పెరగడానికి ఒక పూటో, ఒక రోజో పడుతుంది. ఈలోగా రక్తం తీస్తే అంకె మామూలుగానే ఉంటుంది. రక్తం అబద్ధం చెప్పదు వదినా, పాత సంగతి చెబుతుంది. నీ ఉత్తరంలాగే. గుండ్రాయిలా ఉన్నానని నువ్వు రాసింది సోమవారం. నేను చదివింది గురువారం. గురువారం నువ్వెలా ఉన్నావో ఆ కాగితానికి తెలియదు. అందుకే మొదటి పరీక్ష తర్వాత రెండోది చేస్తారు. మొదటిది మామూలుగా వచ్చిందంటే ఇంకా ఏమీ తేలలేదనే అర్థం.

ఇదంతా నాకు వచ్చు. వచ్చి కూడా తప్పు చేశాను.

పోయిన వారం ల్యాబ్ బయట బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. వడ్రంగి. కనుబొమల మీద రంపపు పొట్టు అలాగే ఉంది, పనిలోంచి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. పైన గాజుపెట్టెలో ఆయన కూతురు. లోపలికీ బయటికీ తిరిగే ప్రతి మనిషి మొహంలోకీ చూస్తున్నాడు. అప్పుడే ఆ పాప అంకె వచ్చింది. మామూలుగా ఉంది. ఆ మొహం చూశాక నాకు ఉండబట్టలేదు. "మీ పాపకేం లేదండి, రక్తం శుభ్రంగా ఉంది" అన్నాను. ఎంత అందమైన వాక్యం అని కూడా అనుకున్నాను. ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

సాయంత్రం పాపను ఇంటికి తీసుకుపోతామన్నారట. డాక్టరు రెండో పరీక్ష దాకా ఆగమంటే, కింద ల్యాబ్‌లో అమ్మాయి చెప్పింది గదా అన్నారట. సంతకం పెట్టి తీసుకెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ తెచ్చారు. పాప పాలు మానేసింది, ఒళ్లు చల్లబడింది. రెండో గొట్టం దిగినప్పుడు నేను గంట వినలేదు. పెద్దక్క వెళ్లి తీసింది. అంకె ఎంతో నీకు రాయను. మొదటిదాని పక్కన పెడితే ఆ రెండూ ఒకే బిడ్డవంటే ఎవరూ నమ్మరు.

పాప తేరుకుంటోంది. మందు పనిచేస్తోందట. ఇవాళ ఆయన ల్యాబ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "నమ్మాలనిపించిందమ్మా, అందుకే నమ్మాను" అని వెళ్లిపోయాడు.

ఫలితం డాక్టరే చెప్పాలి, మనం కాదు. చేరిన రోజే చెప్పిన మాట అది. అది మీరినందుకు ఇక శిక్షణ అయ్యేదాకా నేను పై అంతస్తులో కాలు పెట్టకూడదు. పెద్దక్క తన టీలో సగం నా గ్లాసులో పోసి తన పనిలో పడిపోయింది.

మాటలంటే ఇష్టం పోయింది వదినా. ఇక ఉంటాను.

మరదలు


జూన్ 24, మంగళవారం
బైండింగ్ షాపు, వెనక గది

మరదలా,

ఈసారి పెన్సిలు పట్టుకోలేదు.

మా షాపులో కొత్తగా చేరినవాళ్లందరూ చేసే పని ఒకటి ఉంది. అట్ట అతికించి, ప్రెస్సులో బిగిస్తారు. కాసేపటికే ఆత్రం ఆగక బయటికి తీస్తారు. చూపుకు చక్కగా అతుక్కునే ఉంటుంది. సంబరంగా తెరుస్తారు. వెన్ను ఊడి చేతికొస్తుంది. జిగురు మంచిదే, అట్ట మంచిదే, కుట్టు గట్టిదే. ఆరలేదు, అంతే. నువ్వు తడి పుస్తకాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టావు. అది మాటల తప్పు కాదు. మాటల్ని వదిలెయ్యకు, ఆరనిచ్చి వాడు.

మా ఓనరు గారి వ్యాను రేపు తెల్లవారే పుస్తకాలు వేసుకుని మీ ఊరు వస్తోంది. ఈ ఉత్తరం డ్రైవరు చేతికిస్తున్నాను. పోస్టులో వేస్తే నువ్వు అన్నాళ్లూ మొహం వేలాడేసుకుని తిరుగుతావు.

ఇక్కడ అంతా మామూలే. ఎండ మండిపోతోంది. అయినా ఇందాక షాపులో నాకు చలేసి పళ్లు టకటకలాడాయి. కట్టల మీది గోనెపట్టా తీసి కప్పుకుని కుట్టాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కుర్చీలో మెత్త పొద్దుటినుంచి తడుస్తోంది. బరువుకు ఈ నెలల్లో ఇలాంటివి మామూలేనని పక్కింటావిడ అంది. పాత గుడ్డ మడతపెట్టి వేసుకున్నాను. ఇంకో రెండు కట్టలు కుడితే ఆర్డరు అయిపోతుంది. ఆ తర్వాత కాళ్లు చాపుకుని పడుకుంటాను, మీ అన్న మీద ఒట్టు. లోపలి పెద్దమనిషి ఇవాళ పెద్దగా తన్నడం లేదు. అంతమంది పిల్లల పాఠాలు వినీ వినీ నిద్రపోయినట్టుంది.

అన్నం తిను.

వదిన


జూన్ 25, బుధవారం
ల్యాబ్ గుమ్మం

వదినా,

డ్రైవరు టీ తాగుతున్నాడు. ఆ టీ అయ్యేలోగా రాయాలి, అక్షరాలు ఇలాగే ఉంటాయి.

నీ ఉత్తరం నిలబడే చదివాను. ఓనరు గారికి ఫోన్ చేశాను. వ్యాను వచ్చేదాకా ఆగనక్కర్లేదు, ముందు అక్కడి డాక్టరుకు చూపించి, ఆవిడ ఏమంటే అది చేస్తానన్నారు. నీతో మాట్లాడలేదు. ఫోన్లో నువ్వు నవ్వేస్తావు. కాగితం మీద నవ్వలేవు, అందుకే ఇది.

నేను డాక్టరును కాను. ఏమైందో నేను చెప్పను, చెప్పకూడదు. ఆ తడి ఉమ్మనీరు కావచ్చు. ఎండలో చలి ఊరికే వేయదు. బిడ్డ తన్నకపోతే నిద్ర అనుకోకూడదు. కట్టలు ఎక్కడికీ పోవు.

డాక్టరుకు అన్నీ చెప్పు. మెత్త సంగతి, చలి సంగతి, గోనెపట్టా సంగతి. గుండ్రాయి సంగతి మాత్రం చెప్పకు.

మరదలు


జూన్ 27, శుక్రవారం
బాలింతల వార్డు, కిటికీ పక్క మంచం

వసపిట్టా,

ఈ చీటీ నీ ఆకాశపు చేదలో దిగుతోంది. ఇది గొట్టాలకమ్మా, ప్రేమలేఖలకు కాదు అని నర్సు విసుక్కుంది. విసుక్కుంటూనే గంట మోగించింది.

నీ కాగితం నాకు చేరలేదు. అది తెచ్చే వ్యాను మా ఊరికీ, నేనెక్కిన అంబులెన్సు మీ ఊరికీ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. ఓనరు గారే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ చూసి పెద్దాసుపత్రికి పంపింది. దారంతా కిటికీలో చెట్లు వెనక్కి వెనక్కి పోతుంటే, ఎవరో పుస్తకం తిరగేస్తున్నట్టు అనిపించింది. తర్వాత నాకు సరిగా గుర్తులేదు. ఒక ఏడుపు గుర్తుంది. సన్నగా, కొత్త అట్ట మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే చప్పుడులా.

ఆడపిల్ల. నెల ముందే వచ్చింది కాబట్టి చిన్నది. ముక్కు మీ అన్నది, పాపం.

ఇక్కడి డాక్టరు ఎప్పటినుంచి తడుస్తోంది అని అడిగింది. నీకు రాసినట్టే పొద్దుటినుంచి అనబోయాను. నిజానికి అంతకుముందు సాయంత్రంనుంచే. కట్టలు అయిపోవాలని నీకు కూడా ఒక పూట తగ్గించి రాశాను. ఆవిడకు మాత్రం తగ్గించలేదు.

బిడ్డను వెంటనే పసిపిల్లల వార్డుకు తీసుకెళ్లారు. నా జ్వరం, ఆ తడి చూసి, ముందు జాగ్రత్తగా మందు మొదలుపెట్టారు. చక్రాల కుర్చీలో తీసుకెళ్లి ఒకసారి చూపించారు. కామెర్లకని పెట్టిన నీలం వెలుతురులో పడుకుని ఉంది, నీళ్ల అడుగున ఉన్నట్టు. ఆ చేతికి సూది, సూది మీద పట్టీ. పట్టీ చేతికంటే పెద్దది. నేను చూడలేకపోయాను.

మొదటి పరీక్ష గొట్టం నిన్న మీ దగ్గరికి దిగింది. నీకు తెలిసే ఉంటుంది. బాగానే ఉంటే సూది తీసేసి బిడ్డను నా పక్కలో పడుకోబెట్టమని డాక్టరును గట్టిగా అడుగుతాను. ఒక్క మాట చెప్పు. ఎవరికీ చెప్పను.

బాగుందా?


అదే రోజు, సాయంత్రం
ల్యాబ్

వదినా,

నీ బిడ్డ గొట్టాన్ని పెద్దక్క నన్ను ముట్టుకోనివ్వలేదు. సొంతవాళ్లది మనం చెయ్యకూడదంది. కానీ మిషను తెర అందరికీ కనిపిస్తుంది. చూశాను.

చెప్పను.

ఈ కాగితానికి ముందు ఒకటి రాసి చింపాను. అందులో చెప్పేశాను. అది చాలా అందంగా వచ్చింది కూడా, అందుకే ఇంకా చిన్న ముక్కలు చేశాను. కప్పీ దగ్గర నిలబడి పైకి చూస్తే పెట్టె పోయే దారి చీకటిగా, నిటారుగా కనిపిస్తుంది. ఆ చివర నువ్వున్నావు. ఇంత దగ్గరగా ఉండి నీకు ఇంత దూరంగా ఎప్పుడూ లేను. చుట్టంగా అయినా పైకి రానివ్వమని పెద్దక్కను అడగొచ్చు. అడిగే మొహం లేదు.

నిన్నటి అంకె ఏదైనా కానీ, అది తడి పుస్తకం. రెండో చుక్క రేపు వస్తుంది. అప్పటిదాకా సూది ఉండనీ. నన్ను తిట్టుకో.

మరదలు


అదే రోజు, దీపాలు పెట్టాక
కిటికీ పక్క మంచం

తిట్టుకున్నాను. పక్క మంచం ఆవిడకు కూడా వినిపించేలా.

తర్వాత నీ కాగితం మళ్లీ చదివాను. అంకె చెడ్డదైతే నువ్వు ఇంత బాగా రాయలేవు, ఏడ్చి అక్షరాలు అలికేసేదానివి. కాబట్టి మొదటిది మామూలే అయ్యుంటుంది. డాక్టరు వచ్చి అదే చెప్పింది. మందు ఆపమంటారా అని ఆవిడే నన్ను అడిగితే ఆపమనేదాన్నేమో. ఆవిడ అడగలేదు, నేనూ నోరెత్తలేదు. ఆ వడ్రంగి నా మంచం పక్కన నిలబడి ఉన్నట్టే ఉంది, కనుబొమల మీద పొట్టుతో.

మీ అన్న కొండ దిగాడట. దారిలో ఉన్నాడు.


జూన్ 28, శనివారం
కిటికీ పక్క మంచం

వసపిట్టా,

పెరిగిందట.

డాక్టరు నా పక్కన కూర్చుని చెప్పింది. రెండోది పెరిగింది, అయితే మందు అప్పటికే ఒంట్లో ఉంది, బిడ్డ తట్టుకుంటోంది అంది. ఇంకో పరీక్ష ఉందట, రక్తాన్ని సీసాలో వేసి క్రిమి పెరుగుతుందేమో చూసేది, దాని సంగతి తేలడానికి ఇంకా సమయం పడుతుందట. "నిన్న గనక ఆపి ఉంటే" అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చెయ్యకుండా లేచి వెళ్లింది. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను.

మీ అన్న వచ్చాడు. గాజుపెట్టె ముందు నిలబడి, టవరు మీద కడ్డీ పట్టుకున్నట్టు దాని అంచును రెండు చేతులా పట్టుకున్నాడు. మధ్యాహ్నం నర్సు ముక్కు గొట్టంలోంచి పాలు పోయబోతే, బిడ్డ ఆవిడ వేలు నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చిందట. నర్సు వచ్చి నాకు చెప్పి, నన్ను కూడా ఏడిపించి వెళ్లింది.

రేపు పొద్దున మూడోది తీస్తారు, అంకె దిగుముఖం పట్టిందో లేదో చూడడానికి. మళ్లీ ఆ మడమే. ఇవాళ దాన్ని ముట్టుకోనిచ్చారు. నా బొటనవేలి చివరంత ఉంది, చల్లగా ఉంది. రక్తం రాకపోతే నొక్కుతారేమోనని నాకు దిగులు.

వదిన


జూన్ 28, శనివారం, పని దిగే వేళ
ల్యాబ్, లిఫ్టు పెట్టె పక్కన

వదినా,

వడ్రంగి గారి పాప ఇవాళ ఇంటికి వెళ్లింది, ఈసారి డాక్టరు వెళ్లమన్నాక. ఆయన ల్యాబ్ ముందు ఆగి, దుప్పటి అంచు కొంచెం తొలగించి పాప మొహం చూపించాడు. పాప ఆవులించింది. అంత చిన్న నోట్లో అంత పెద్ద ఆవులింత ఎలా పట్టిందో.

నీ చీటీ పెద్దక్కకు చదివి వినిపించాను. మడమ చల్లగా ఉంటే రక్తం రాదు. నొక్కితే బిడ్డకు నొప్పి, పైగా రక్తకణాలు చితికి పరీక్ష పాడవుతుంది. అందుకని సూదికి ముందు మడమను వెచ్చబెట్టాలి. తొందరపడకుండా, గోరువెచ్చని గుడ్డ చుట్టి, చేతుల్లో పట్టుకుని కూర్చోవాలి. పెద్దక్క చీటీ మడిచి నాకిచ్చేసి, కళ్లద్దాలు తుడుచుకుంటూ అంది. "రేపు పొద్దున పైన ఒక చెయ్యి కావాలన్నారు. మాట్లాడని చెయ్యి. నీ దగ్గరుందా?"

ఉందన్నాను. అంతకంటే ఒక్క మాట కూడా అనలేదు, నువ్వు నమ్మకపోయినా సరే.

సూది గుచ్చేది నేను కాదు, పరీక్ష చేసేదీ నేను కాదు. వెచ్చబెట్టడం ఒక్కటే నా పని. రేపు పొద్దున చేద కోసం చూడకు, మెట్ల మీంచే వస్తాను. మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నీ మంచం దాటి నేరుగా లోపలికి వెళ్తాను. అంకె గురించి నన్ను ఏమీ అడగకు. ఆ నీలం వెలుతురు పక్కన స్టూలు వేసుకుని, ఆ మడమను నా అరచేతుల్లోకి తీసుకుంటాను. అది వెచ్చబడేదాకా వదలను.

నీ మరదలు